కాపలా గోలి

సాలోమోను మళ్లీ మొదలుపెట్టాడని వినోదకు ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేకపోయింది. పట్టపగలు ట్రాలీ ఆటో దిగి, ఇంటి ముందు మోరీ మీద వేసిన బండ మీద కాలు పెట్టబోయి సరాసరి మోరీలోనే పెట్టాడు. గడపలో కూర్చుని బీడీలు చుడుతున్న వినోద చేతిలో ఆకు సగం చుట్టి ఆగిపోయింది. మొగుడు బురద కాలు పైకి లాక్కుని, నవ్వబోతూ, "చెప్పు జారింది" అన్నాడు. ఆ రెండు ముక్కలే నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చాయి. తాగినవాడి మాట ఎలా ఉంటుందో వినోదకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. పెళ్లయినప్పటి నుంచీ వింటూనే ఉంది.

కిందటి వానాకాలంలో సాలోమోను చావు దాకా పోయి వచ్చాడు. కల్లు తాగీ తాగీ కాలేయంలో చీముగడ్డ లేచింది. నిజామాబాదు దవాఖానలో పక్కటెముకల సందున సూది గుచ్చి చెంబెడు చీము తీశారు. ఇక కల్లు ముట్టావంటే మళ్లీ మా మెట్లెక్కకు అని అక్కడి డాక్టరు మొహం మీదే చెప్పాడు. బతికి బయటపడ్డ మనిషి ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, సంఘమంతా వింటుండగా, జన్మలో కల్లు తాకనని సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. అత్త లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వినోద మాత్రం ఇంటికొచ్చాక తన మాట తను చెప్పింది.

"చర్చిల చెప్పింది దేవునికి. నేను చెప్పేది నీకు. ఇంకొక్కపారి తాగినవంటే తారను తీస్కొని మోర్తాడుకు పోత. మీవోళ్లంత వచ్చి కాళ్లు మొక్కినా మల్ల గీ గడప తొక్క."

మోర్తాడు ఆమె పుట్టిల్లు. అన్నమాట మీద నిలబడే మనిషి వినోద, ఆ సంగతి సాలోమోనుకు బాగా తెలుసు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం గడప దగ్గర ఆగి, నోరు తెరిచి ఆమె ముఖం మీద "హా" అని ఊది, ఆ తర్వాతే లోపలికి వచ్చేవాడు. చూసేవాళ్లకు అదొక నవ్వులాట. వాళ్లిద్దరికీ కాదు.

అలా నెలలు గడిచాయి. మక్కల లోడో పసుపు లోడో, ఏది దొరికితే అది వేసుకుని ఊళ్ల నుంచి మార్కెట్టుకు బండి తిప్పాడు. కూతురు తారను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బడికి దించాడు. వినోదకు బతుకు మీద మళ్లీ ఆశ పుట్టింది. ఎవరితోనైనా అంటే దిష్టి తగులుతుందేమోనని పెదవి విప్పలేదు గానీ, లోలోపల పొంగిపోయింది. అలాంటి ఇంట్లో ఇప్పుడు ఈ తూలుడు.

తూలుడు రోజురోజుకూ ముదిరింది. చాయ్ గ్లాసు నోటి దాకా తెచ్చేసరికి సగం చొక్కా పాలు. చెప్పు ఊడి వెనక ఉండిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చేవాడు. మాక్లూరు దగ్గర మలుపులో బండి రోడ్డు దిగితే బస్తాలు పగిలి పసుపు కొమ్ములు రోడ్డంతా దొర్లాయి. ఆ పసుపు రైతు దేవన్న, "సాలోమోను మల్ల షురూ జేసిండు. ఇగ ఆయన బండికి లోడు ఇయ్య" అని ఊరంతా చాటాడు. సాలోమోనుది మాత్రం ఒకటే మాట.

"తాగలే వినోదా. ప్రభువు సాక్షి, చుక్క ముట్టలే."

ఊదితే వాసన రాదు, నిజమే. రాకపోతే? వాసన రాకుండా తాగే ఉపాయాలు లోకంలో తక్కువా? లవంగాలు నమిలే మొగుళ్లను, పచ్చి ఉల్లిగడ్డ కొరికే మొగుళ్లను ఆ వాడలో ఎంతమందిని చూడలేదు! తన మొగుడు వాళ్లందరినీ మించిపోయాడన్నమాట. అది తలుచుకుంటే వినోదకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థనకు అందరూ లేచి కళ్లు మూసుకున్నారు. సాలోమోను కూడా మూసుకున్నాడు. మూసుకున్న మరుక్షణం నిలువునా ముందు వరస మీద పడ్డాడు. కుర్చీలు దడదడా కూలాయి. తార కెవ్వుమంది. సాక్ష్యం చెప్పిన మనిషి సాక్ష్యం చెప్పిన చోటే బోర్లా పడి ఉంటే ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. పాస్టరు గారు పల్లెత్తు మాట అనలేదు, వినోదకు ఆ అనకపోవడంతోనే తల కొట్టేసినట్టయింది.

ఇక మోర్తాడే అనుకుంది. కానీ చీముగడ్డకు ముందు రోజుల్లో కూడా పోయింది. పోయినప్పుడల్లా పెద్దమనుషులు కూర్చుని, "తాగంగ నువ్వు సూసినవా బిడ్డా?" అని అడిగేవాళ్లు. సాలోమోను తాగలేదని ఒట్టేసేవాడు. సర్దుకుపొమ్మని ఆమెనే వెనక్కి పంపేవాళ్లు. ఈసారి ఎవరూ కాదనలేని రుజువు చేతిలో పెట్టుకుని పోవాలనుకుంది. పెర్కిట్ చౌరస్తాలో సాయంత్రాలు పోలీసులు బండ్లాపి మిషన్‌లో ఊదిస్తుంటారు. మిషన్ మొహమాటపడదు, ఒట్లు నమ్మదు. మొగుణ్ని పోలీసుల ముందుకు చేయి పట్టి నడిపించుకుపోయే పెళ్లాం ఆర్మూరులో అంతకుముందు ఉందో లేదో గానీ, ఆ సాయంత్రం మాత్రం ఉంది.

ఆటో దిగి, మొగుడి రెక్క పట్టుకుని, నేరుగా కానిస్టేబుల్ ముందు నిలబెట్టింది. వెనకాలే లింగవ్వ, "వద్దే బిడ్డా, ఇజ్జత్ పోతది" అని గొణుక్కుంటూ వచ్చింది.

"సార్, ఈయనను జర ఊదించుండ్రి" అంది వినోద.

ప్రేమ్‌చంద్ అనే ఆ కానిస్టేబుల్ తెల్లబోయాడు. "బండి నడిపేటోళ్లకే ఊదిస్తమమ్మా. ఆటోల కూసోని వచ్చినోళ్లకు గాదు."

"ఈయన డ్రైవరే సార్. రేపు పొద్దుగాల బండెక్కుతడు. ఎవలి మీదికన్న ఎక్కించినంక ఊదిస్తరా?"

చుట్టూ ఆగినవాళ్లు నవ్వారు. ప్రేమ్‌చంద్‌కూ నవ్వొచ్చింది గానీ, నిలబడ్డ చోటే అటూ ఇటూ ఊగుతున్న సాలోమోనును చూసి నవ్వు మింగేశాడు. మిషన్‌కు కొత్త గొట్టం తొడిగి అతని నోటికి పెట్టాడు. పెదవులు సరిగ్గా మూసుకోక గాలి పక్కకు పోయింది. ఇంకోసారి పెట్టాడు. సాలోమోను బుగ్గలు పూరించి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఊదాడు. మిషన్ కీచుమంది. ప్రేమ్‌చంద్ అంకె చూశాడు. అరచేత్తో మిషన్‌ను తట్టి మళ్లీ చూశాడు.

"సున్నా" అన్నాడు.

"మిషన్ ఖరాబైంది" అంది వినోద, తడుముకోకుండా.

అప్పుడే ఆపిన బైకు మీద ఇస్త్రీ చొక్కా మడత నలగని పెద్దమనిషి ఒకడున్నాడు. నిటారుగా నిలబడి, "నమస్తే సార్" అని అక్షరం పొల్లుపోకుండా అన్నాడు. అతని చేత ఊదించారు. మిషన్ లబోదిబోమంది. అంకె చూసి పెద్దమనిషి తనే తల దించుకున్నాడు. ప్రేమ్‌చంద్ గొట్టం మార్చి సాలోమోను నోటికి తిరిగి పెట్టాడు. సున్నా.

నవ్వుతున్నవాళ్లు నవ్వడం మానేశారు. తాగినవాడు గుంజలా నిలబడి ఉన్నాడు. చుక్క ముట్టనివాడు నిలబడలేక అమ్మ భుజం పట్టుకుని ఊగుతున్నాడు. లింగవ్వ రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు చూసింది.

"అమ్మా, ఈయన తాగలే" అన్నాడు ప్రేమ్‌చంద్, గొంతు తగ్గించి. "ఇంకేదో అయితున్నది ఈయనకు. దవాఖానకు తీస్కపో. జల్ది తీస్కపో."

రుజువు కోసం వచ్చింది వినోద. దొరికింది. కానీ అది పట్టుకుని మోర్తాడు పోయేది కాదు. తాగని ఒంట్లోకి తాగుడు ఎలా వచ్చింది? "చెప్పిన గదనే" అని సాలోమోను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మాట కూడా ముద్దగానే వచ్చింది. ఇన్నాళ్లూ ఆ ముద్ద మాటను అసహ్యించుకున్నందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. నలుగురూ చూస్తున్నారని జంకకుండా కొంగుతో అతని ముఖం తుడిచింది.

నిజామాబాదులో నరాల డాక్టరు మహేశ్వరి నెమ్మదైన మనిషి. సాలోమోనును కూర్చోబెట్టి, చూపుడు వేలితో ముక్కు ముట్టుకోమంది. వేలు వణుక్కుంటూ వచ్చి చెంపను పొడిచింది. రెండోసారి కన్ను పొడుచుకోబోయాడు. తన ముక్కు ఎక్కడుందో తన వేలికి తెలియకపోవడం చూసి సాలోమోనే బిత్తరపోయాడు. గచ్చు మీది గీత వెంబడి నడవమంటే గీత ఒకవైపు, అతనొకవైపు. కాళ్లకు సూదితో గుచ్చితే పాదాల దగ్గర ఏమీ తెలియలేదు. తర్వాత తలకు స్కానింగ్ తీయించారు.

మరునాడు డాక్టరు కంప్యూటరు తమ వైపు తిప్పి బొమ్మ చూపించింది. తల వెనక భాగం అంది. వినోదకు అది కోసిన గోబీ పువ్వులా కనబడింది. మధ్యలో, ఈ పక్కొకటీ ఆ పక్కొకటీ, రెండు తెల్లటి మచ్చలు. ఒకే సైజు, ఒకే వంపు. ఎవరో కూర్చుని కొలత పెట్టి దిద్దినట్టున్నాయి. చూస్తుంటే భయమేసింది, చూడకుండానూ ఉండలేకపోయింది.

డాక్టరు ఆ మచ్చల వంక చాలాసేపు చూసి, సాలోమోను వైపు తిరిగింది.

"చాలా రోజుల నుంచి మోషన్ల గోలి ఏమన్నా మింగుతున్నావా?"

"ఏం మింగుతలేడు మేడం" అంది వినోద. "చీముగడ్డ అయినప్పుడు దవాఖానల ఇచ్చిన్రు. అవెప్పుడో అయిపోయినయి."

డాక్టరు సాలోమోను వంకే చూసింది. సాలోమోను తల ఎత్తలేదు. అది చూసి వినోదకు అర్థమైంది. పక్కన పడుకునే పెళ్లానికి తెలియని సంగతి, తల లోపల తీసిన బొమ్మ ఈ మేడంకు ఎలా చెప్పింది?

"మింగుతున్న" అన్నాడు సాలోమోను. "పొద్దుగాలొకటి, మాపటికొకటి. బండి సీటు కింద పెట్టుకుంట."

"ఎందుకు?" అంది డాక్టరు.

అతను చెప్పడానికి చాలాసేపు పట్టింది. నాలుక మడతపడుతోంది, సిగ్గు ఒకపక్క. దవాఖాన నుంచి వచ్చిన కొత్తలో, సాక్ష్యం చెప్పక ముందు, ఒకరోజు మనసు ఆగక గ్లాసు కల్లు తాగాడట. గోలీలు ఇంకా నడుస్తున్నాయి. పేగులు నోట్లోకి వచ్చినట్టు వాంతులయ్యాయట, తల పగిలిపోయిందట. ఈ గోలికీ కల్లుకూ పడదని దవాఖానలో ముందే చెప్పి ఉన్నారు. అప్పుడు తట్టిందట ఆ ఉపాయం.

"గోలి కడుపుల ఉన్నన్ని రోజులు కల్లు నా జోలికి రాదనుకున్న మేడం. డాక్టర్లు రాసినయి అయిపోయినంక నేనే కొన్న. ఒక్క దగ్గర కొంటే అడుగుతరని ఒకపారి ఒక మెడికల్ షాపుల, ఇంకోపారి ఇంకో దాంట్ల. నా మీద నాకు నమ్మకం లేకుండె. గా గోలిని కాపలా పెట్టుకున్న." ఆగి, భార్య వైపు తిరిగాడు. "నువ్వు పోతవని భయముండె."

ఈ మనిషి వినోదను పోగొట్టుకోకూడదని మింగిన గోలీలే ఆమెను మోర్తాడుకు తరమబోయాయి. కోపం రావాలా, జాలి పడాలా? రెండూ వచ్చాయి, కన్నీళ్లు కూడా వచ్చాయి.

"మెట్రోనిడజోల్ అంటారమ్మా" అంది డాక్టరు. "మామూలు గోలీ. కడుపు పాడైతే నేను కూడా వేసుకుంటా. కోట్ల మంది మింగుతారు, చెప్పినన్ని రోజులు వేసుకుని ఆపేస్తారు, ఏం కాదు. నెలల కొద్దీ మింగినవాళ్లలో ఎక్కడో ఒకరికి ఇట్లా తలకెక్కుతుంది. మనిషి తూలకుండా నడవడానికి, మాట సాఫీగా రావడానికి ఈ రెండు జాగాలూ సరిగ్గా పనిచేయాలి. అవే దెబ్బతిన్నాయి. గోలి ఆపేస్తే చాలావరకు అదే తగ్గుతుంది. కాళ్ల తిమ్మిరికి మాత్రం ఇంకా టైం పడుతుంది."

"ఎంత ఉంటది మేడం గా జాగ?"

డాక్టరు బొటనవేలి గోరు చూపించింది. "చింతగింజ కంటే కొంచెం పెద్దది."

వినోద ఆ గోటిని చూసింది, బొమ్మను చూసింది, మొగుణ్ని చూసింది. మనిషి నడకా మాటా, సంఘంలో పరువూ, తన కాపురమూ, ఇదంతా చింతగింజంత చోటు మీద నిలబడి ఉందా? ఆ చోటు తన తలలోనూ ఉందనీ, చెప్పకుండా చేయకుండా పుట్టినప్పటి నుంచీ తనను నిలబెడుతోందనీ తోచి, కుర్చీలోంచి లేవడానికి కూడా ఆమె ఒక క్షణం జంకింది.

గోలి ఆగింది. అసలు భయం అప్పుడు మొదలైంది. తిరుగు బస్సులోనే సాలోమోను అడిగాడు, "కాపలా పోయింది. నేను ఆగుతనా వినోదా?" అని. తూలుడు ఒక్కరోజులో పోయేది కాదని డాక్టరు చెప్పింది. అంటే ఇప్పుడు తూలితే జబ్బుతో తూలుతున్నాడో, తాగి తూలుతున్నాడో ఎలా తెలియాలి? రోజూ పెర్కిట్ తీసుకుపోవడం కుదరదు కదా. లింగవ్వ మాత్రం కొడుకు సున్నా సంగతి ఆర్మూరు అంతా చెప్పుకుని తిరిగింది, చెప్పినప్పుడల్లా మిషన్ సైజు పెరిగింది.

నడిస్తేనే నడక వస్తుందని డాక్టరు చెప్పినందుకు సాలోమోను కర్ర పట్టుకుని సాయంత్రాలు గుట్ట వైపు పోయేవాడు. ఆ దారిలోనే కల్లు దుకాణం. ఒకరోజు దీపాలు పెట్టే వేళ దాటినా రాలేదు. వినోద బీడీల చాట పక్కన పెట్టి గడపలోనే నిలబడింది. చివరికి వచ్చాడు. మోకాళ్లకు మట్టి, చేతిలో కర్ర లేదు, ఈ గోడా ఆ గోడా పట్టుకుంటూ వచ్చి గడప ముందు ఆగాడు. ఏమీ అడగక ముందే, అలవాటు ప్రకారం, ముఖం ముందుకు వంచి నోరు తెరిచాడు.

ఒక్క ఊపిరితో తేలిపోతుంది. కానీ వాసన రాని రోజుల్లో కూడా వినోద తన కళ్లను నమ్మింది, చెవులను నమ్మింది, ఊరు చెప్పింది నమ్మింది. ఒక్కటీ నిజం చెప్పలేదు. ఇతను చెప్పిన మాట ఒక్కటే నిజమైంది, అదొక్కటే తను నమ్మలేదు.

"నోరు మూస్కో" అంది. "కాళ్లు కడుక్కొని రా. అన్నం పెడ్త."

సాలోమోను తెరిచిన నోరు అలాగే పెట్టుకుని ఆమెను చూశాడు. తర్వాత మెల్లగా లోపలికి వచ్చాడు. ఆమె కంచంలో అన్నం పెట్టింది. నమ్మడానికి ఇంత ధైర్యం కావాలని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు అతను పడింది దారి పక్క పైపుల కోసం తవ్విన గుంతలో అని మర్నాడు కర్ర తెచ్చిచ్చినవాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పకపోయినా ఆమె అడిగేది కాదు.

మాట ముందు తేరుకుంది, తర్వాత చేతులు. పొలాల్లో పసుపు ఉడకబెట్టడాలు ముగిసి ఎండలు ముదిరేసరికి కర్ర మూలన పడింది. రెండోసారి స్కానింగ్‌కు పోయినప్పుడు డాక్టరు కొత్త బొమ్మ, పాత బొమ్మ పక్కపక్కన పెట్టింది. వినోద కొత్త దానిలో మచ్చల కోసం వెతికింది. ముందుకు వంగి, కళ్లు చిట్లించి వెతికింది. లేవు. కోత లేదు, కుట్టు లేదు. ఏమీ చేయకపోతేనే పోయాయి. మనిషి తలను చేసింది దేవుడని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. ఇంత నేర్పుగా అని మాత్రం ఊహించలేదు. సాలోమోను చూపుడు వేలు ముక్కు కొసను సరిగ్గా తాకింది. అడగకుండానే మళ్లీ తాకించాడు. ఇంకోసారి కళ్లు మూసుకుని తాకించి, నవ్వాడు.

అంతలోనే ముఖం చిన్నబోయింది. "మేడం, గా గోలి బందు చేసిన్రు. మంచిగయింది. గని నాకు భయమైతుంది. కల్లును ఆపే ఇంకో గోలి ఏదన్న రాయండ్రి, తలకెక్కనిది."

డాక్టరు అతని వంక ఆశ్చర్యంగా చూసింది. "ఈ గోలి నిన్ను ఆపిందనుకుంటున్నావా?"

"అదే గద ఆపింది."

"అది కల్లును ఆపే గోలి కాదు సాలోమోనూ. ఆ రెండూ కలపొద్దని మేం జాగ్రత్తకు చెప్తాం, కొందరికి వాంతులవుతాయి కూడా. కానీ తాగుతూనే అది మింగి మామూలుగా తిరిగేవాళ్లు చాలామంది. నీకు ఆ రోజు అయిన వాంతులు నీ కాలేయం పుండుగా ఉండి అయ్యుండొచ్చు. తర్వాత ఎప్పుడు తాగినా నీకూ ఏమీ కాకపోయేదేమో."

"మరి ఇన్ని నెలలు?" అన్నాడు సాలోమోను. "గోలి మింగినన్ని రోజులు, ఆపినంక ఇన్ని రోజులు..." మాట పూర్తి చేయలేకపోయాడు. ఈసారి నాలుక తప్పు కాదు.

"అవసరమనిపిస్తే చెప్పు, మానడానికి సాయం చేసే డాక్టర్లు వేరే ఉన్నారు, పంపిస్తా" అంది డాక్టరు. "ఇప్పటిదాకా మాత్రం ఏ మందూ ఆపలేదు."

ఇద్దరూ ఆర్మూరు బస్సెక్కారు. వినోద మొగుణ్ని ఓరగా చూస్తూ కూర్చుంది. డాక్టరు చూపించిన బొమ్మలను చూసినంత విస్తుపోయి చూసింది. కల్లు దుకాణం ముందు నుంచి రోజూ పోయిన మనిషి, కాపలా ఎవరూ లేకుండానే పోయాడు. ఆ సంగతి అతనికే తెలియదు. మాక్లూరు దాటాక సాలోమోను, ఎవరైనా వింటారేమోనన్నట్టు, మెల్లగా అడిగాడు.

"అయితే ఆగింది నేనేనా?"

"నువ్వే" అంది వినోద. "ఇంకెవలు?"

అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతుంటే ఆమె వీపు మీద చేయి వేసి, ఊరొచ్చేదాకా తీయలేదు. ఎదురు సీటు మనిషి వెనక్కి తిరిగి, "తాగిండా ఏందమ్మా?" అని అడిగాడు.

"లేదన్నా" అంది వినోద.